నాడా ఉంగరం చప్పుడు

కిష్టప్పను ఏ ఇంటి శుభకార్యానికి పిలిచినా వస్తాడు. బంతిలో కూర్చుని కడుపునిండా తింటాడు, వడ్డించేవాళ్ళతో పరాచికాలాడతాడు. అంతలో ఏ మూలనో ఢోలక్ మోగిందా, ఇక అంతే, చెయ్యి కడుక్కుని చెప్పులు వెతుక్కుంటాడు. ఒకప్పుడు పటాన్‌చెరు చుట్టుపక్కల భజన పార్టీలో హార్మోనియం వాయించి పేరు తెచ్చుకున్న మనిషి ఇలా పారిపోవడమేమిటని కొత్తవాళ్ళు విస్తుపోతారు. భార్య నర్సింహమ్మకు సంగతి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పదు. చెప్పుకునే సంగతైతే కదా!

కిష్టప్పది హత్నూర దగ్గర ఒక పల్లె. తండ్రికి బావి కింద పొలం ఉండేది, వీధిలో నడుస్తుంటే నలుగురు లేచి నిలబడే పరపతి ఉండేది. భజనలో అతని జోడు సంగయ్యదీ అదే ఊరు. సంగయ్య తండ్రి, అన్నలు ఆ బావి కింది పొలంలోనే కూలికి పోయేవాళ్ళు. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఊరి భజనలో కిష్టప్ప నట్టనడుమ హార్మోనియం ముందు కూర్చునేవాడు. సంగయ్య ఢోలక్ ఒళ్ళో పెట్టుకుని భజన మందిరం గడప బయట మెట్టు మీద కూర్చునేవాడు. అక్కడ కూర్చోమని అతనికి ఎవరూ చెప్పలేదు, లోపలికి రమ్మనీ ఎవరూ అనలేదు. అయినా పాట నడిచేది మాత్రం ఆ మెట్టు మీది చెయ్యి చెప్పినట్టే. సంగయ్య దరువు మారిస్తే లోపల కూర్చున్న పెద్దమనుషులందరి తలలూ అటే ఊగేవి.

ఎనభైల చివర్లో ఫ్యాక్టరీల్లో మనుషుల్ని తీసుకుంటున్నారని ఇద్దరూ కలిసే పటాన్‌చెరు వచ్చారు. కిష్టప్ప ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్ అయ్యాడు. సంగయ్య ఇనుపరేకులు అచ్చుకొట్టే ప్రెస్సు మీద హెల్పరుగా కుదిరాడు. ఒకే వరసలో పక్కపక్క గదులు కిరాయికి తీసుకున్నారు. మొదటిరోజు సంగయ్య మూట దించి, "పటేలా, సామాను యాడ పెట్టాలె?" అని అడిగాడు. ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళను పిలిచే పిలుపే అది. కిష్టప్ప నవ్వి, "ఇక్కడ పటేలు గిటేలు లేదు సంగయ్యా. అన్న అను" అన్నాడు.

ఆ మాట సంగయ్య నోటికి అంత తేలిగ్గా ఎక్కలేదు పాపం. 'పటే' అని మొదలుపెట్టి మింగేసేవాడు. కొన్నాళ్ళకు 'కిష్టన్న' అలవాటైంది. మన కిష్టప్పకు అది ఎంత గొప్పగా ఉండేదంటే, టీకొట్టు దగ్గర కూడా ఎవరూ అడగకుండానే, "మా ఊర్ల గిట్ల ఉండకపోతుండె, నేనే మార్పించిన" అని చెప్పుకునేవాడు. తన మెడలో తనే దండ వేసుకోవడమంటే అదే. కానీ అబద్ధం కాదు, అప్పటికి మనిషి మంచివాడే. పటాన్‌చెరులో యాదన్న అనే పాటగాడు కట్టిన భజన పార్టీలో ఇద్దరూ ఒకే చాప మీద, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు.

సంగయ్య కుడిచేతి నడిమి వేలికి గుర్రపు నాడా ఇనుముతో చేసిన ఉంగరం ఉండేది. శని పట్టకుండా తల్లి తొడిగించిన ఉంగరం. చిన్నవైపు దెబ్బ వేసినప్పుడల్లా అది ఢోలక్ కొయ్యకు తగిలి 'టిక్కు'మనేది. పెద్దవైపు అరచెయ్యి ఒత్తి లాగితే 'గుమ్మ్'మని మోత సాగేది, దాని తోకన ఈ టిక్కు. తీసేయమని యాదన్న ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. పోనుపోను అది లేకపోతే ఏదో వెలితిగా అనిపించేది అందరికీ.

కిష్టప్పకు మిషన్ల పిచ్చి పట్టింది తొంభైలలో. మొదట ఒక చిన్న క్యాసియో కీబోర్డు కొన్నాడు. అందులో వేణువు, వీణ, గిటారు అన్నీ ఉంటాయని చెప్పి వారం రోజులు తిండి మానేసినంత పనిచేశాడు. రెండు నెలలకే దాని వేణువు వేణువులా లేదని పేచీ మొదలు. మూతవిప్పి లోపల తీగలు అటూ ఇటూ మార్చి చూశాడు. తర్వాత కోఠిలో పాత సామాన్ల దుకాణం చుట్టూ సెలవురోజుల్లో తిరిగి తిరిగి, ఏదో రికార్డింగ్ థియేటర్ వాళ్ళు వదిలించుకున్న జపాన్ మిషన్ ఒకటి పట్టుకొచ్చాడు. శాంప్లర్ అంటారట దాన్ని. అందులో దాని సొంత చప్పుడంటూ ఏదీ ఉండదు. మైకు పెట్టి మనం ఏది వినిపిస్తే అది మింగుతుంది. ఇక హార్మోనియం మీదలాగే ఏ మెట్టు నొక్కితే ఆ శ్రుతిలో అదే చప్పుడు తిరిగి ఇస్తుంది. కరెంటు తీస్తే అంతా మరచిపోతుంది కనుక, ఉంచుకోవాలనుకున్నది ఫ్లాపీలో ఎక్కించుకోవాలి. దానికి సరిపడే రకం ఫ్లాపీ కోఠిలో కూడా దొరకలేదు. మిషన్‌తో పాటు వచ్చింది ఒకటే.

అబ్బో, ఆ నెలరోజులు ఆ వరస గదుల వాళ్ళు పడ్డ పాట్లు! బోరింగు కిర్రుమంటే మైకు, కుక్కర్ కూత వేస్తే మైకు. ఒకరోజు కంపెనీ సైరన్ చప్పుడు పట్టుకొచ్చి సరిగమలు వాయిస్తుంటే, చివరి గదిలో ఉండే ఒడిశా మనిషి షిఫ్టు వేళ దాటిపోయిందనుకుని టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు దాకా ఉరికాడు. ఇంట్లో ఇక గురక పెట్టాలన్నా భయంగా ఉందని నర్సింహమ్మ బక్కమ్మ దగ్గర మొరపెట్టుకుంది. బక్కమ్మ సంగయ్య భార్య. నలుగురూ కలిసి నవ్వుకున్న రోజులవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం కిష్టప్ప తలుపులేసి, చప్పుడు రాకుండా ఫ్యాను కూడా ఆపి, సంగయ్యను మైకు ముందు కూర్చోబెట్టాడు. ఎందుకని సంగయ్య అడిగితే, ఊరికే, మిషన్ ఎలా పడుతుందో చూడ్డానికని చెప్పాడు. అప్పటికి అదే నిజం. ఒక్కొక్క దెబ్బ విడిగా కొట్టి ఆగమంటే సంగయ్య చెమటలు కక్కుతూ, "ఒక్కటి కొట్టి ఆగుమంటే చెయ్యి ఊకుంటలేదన్నా" అని నవ్వాడు. ఉంగరం మాత్రం తీయలేదు. పని అయ్యాక కిష్టప్ప మెట్టు నొక్కాడు. గుమ్మ్, టిక్. సంగయ్య ఉలిక్కిపడి తన చేతి వైపు చూసుకున్నాడు. తర్వాత తనే ఒక వేలు చాపి మెట్లు నొక్కుతూ కూర్చున్నాడు, బక్కమ్మ తెచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా. ఆ చప్పుడును ఫ్లాపీలో ఎక్కించి, దాని మూలనున్న చిన్న బొడిపెను కిష్టప్ప గోటితో పక్కకు జరిపాడు. అలా జరిపితే దానిమీద ఇంకేదీ ఎక్కదు, పొరపాటున కూడా చెరిగిపోదు.

తర్వాతి ఏడాది కిష్టప్ప పటేల్‌గూడలో రెండు గదుల ఇంటికి మారాడు. అప్పటికి కాలనీల్లో అయ్యప్ప పడిపూజల సందడి పెరిగింది. పిలిచేవాళ్ళకు ఉత్త భజన చాలడం లేదు, మిషన్లు, స్పీకర్లు ఉంటేనే గొప్ప. ఆ డబ్బాలన్నీ ఆటోలో సర్దితే యాదన్నకు, కిష్టప్పకు, తాళాల మనిషికి చోటు సరిపోయింది. ఢోలక్‌తో ఇంకో మనిషి ఎక్కే వీల్లేదు. యాదన్న దిక్కులు చూశాడు. అప్పుడు ఎవరూ అడగకుండానే కిష్టప్ప అన్నాడు, ఢోలక్ కూడా మిషన్‌లో తనే వాయిస్తానని. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. ఆ ఒక్కసారి జనం ఎంత మెచ్చుకున్నారంటే, ఢోలక్ ఎవరిదో గానీ అదిరిందని ఒక గురుస్వామి వచ్చి కిష్టప్ప భుజాల మీద శాలువా కప్పాడు. కప్పించుకున్నాడు. ఇది సంగయ్య చెయ్యి అని ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదు. వద్దామనుకుంది కూడా, ఆలోపు ఫోటో తీసేశారు.

భజన పార్టీలో ఒకణ్ని వద్దనడానికి మాటలేం అక్కర్లేదు. కబురు పంపకపోతే చాలు. కార్తీకం రాగానే సంగయ్య అలవాటు ప్రకారం ఢోలక్ తాళ్ళు బిగించుకుని, దాని పెద్దవైపు పిండి పూసి, ఎదురుచూసి చూసి, చివరికి ఒకరోజు కిష్టప్ప కంపెనీ గేటు దగ్గరికే వచ్చాడు. ఈసారి ఎక్కడెక్కడ ఉన్నాయని అడిగాడు. "ప్రోగ్రాములు లేవు సంగయ్యా. అందరు క్యాసెట్లు పెట్టుకుంటున్నరు" అన్నాడు కిష్టప్ప. సంగయ్య నమ్మాడు. పైగా, నీకు హార్మోనియం పేటీ లేకపోతే దినం గడవదు కదన్నా అని అతన్నే ఓదార్చి పోయాడు. ఆ సాయంత్రమే కిష్టప్ప ఒక కాంట్రాక్టర్ ఇంట్లో పడిపూజకు మిషన్ మోసుకుపోయాడు. సిగ్గు లేదా అంటే, ఉంది. పొట్టనిండా ఉంది. దాన్ని అలాగే ఉంచుకుని ప్రసాదం కూడా తిన్నాడు.

వేసవిలో ప్రెస్సు కింద సంగయ్య కుడిచెయ్యి పడింది. నడిమి వేలు, దాని పక్క వేలు పోయాయి. కిష్టప్ప దవాఖానకు పోయి మంచం పక్కన కూర్చున్నాడు. సంగయ్య కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ, "ఇగ ఢోలక్ ఎవరికన్న ఇచ్చెయ్యాలె అన్నా" అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా. నీ చప్పుడు నా దగ్గర భద్రంగా ఉందిరా అని ఒక్క మాట! చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశావని అడుగుతాడేమోనని నాలుక వెనక్కి పోయింది. బత్తాయిలు పెట్టి వచ్చేశాడు. బయట బక్కమ్మ కనిపించింది. ప్రెస్సు వాళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చిన నాడా ఉంగరాన్ని ఆమె తన పుస్తెలతాడుకు కట్టుకుని ఉంది. కిష్టప్ప అటు చూడకుండా నడిచాడు.

రెండు నెలలకు యాదన్న ఎదురై, సంగయ్యకు సంగతి తెలిసిందట, ఆదివారం పొద్దున నీ ఇంటికి వస్తానన్నాడు అని చెప్పాడు. ఎందుకొస్తున్నాడో, ఏ మొహంతో వస్తాడో యాదన్నకు తెలియదు. శనివారమంతా కంపెనీలో ఏ తీగ ఎక్కడ కలిపాడో కిష్టప్పకే తెలియలేదు. సంగయ్య నలుగురి ముందు నిలదీస్తాడు, దొంగ అంటాడు. ఊళ్ళో తెలుస్తుంది. పటేలు కొడుకు కూలివాడి చేతి చప్పుడు ఎత్తుకొచ్చి శాలువాలు కప్పించుకున్నాడని మెట్టు మీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వుతారు. చూశారా, మనిషి పటాన్‌చెరు వచ్చి పదేళ్ళు దాటినా భయం వేస్తే ఊళ్ళో పటేళ్ళు కూర్చునే గడప లోపలికే పోయి నిలబడ్డాడు.

ఆదివారం తెల్లారి స్నానం కూడా చేయకుండా మిషన్ ముందు కూర్చున్నాడు. ఫ్లాపీ తీశాడు. మూలనున్న బొడిపెను గోటితో వెనక్కి నెట్టాడు. గట్టిగా ఉంది, రెండుసార్లు జారింది. దేవుడి గూట్లోంచి గంట తెచ్చి మైకు ముందు మోగించి, దాన్ని ఆ ఫ్లాపీ మీద ఎక్కించాడు. ఈ వేళకాని వేళ గంటేమిటని నర్సింహమ్మ వంటింట్లోంచి అడిగింది. చప్పుడే లేకపోతే దొంగతనమెక్కడిది అనుకున్నాడు. ఎలక్ట్రీషియన్ బుద్ధి, ఫ్యూజు పీకితే సరిపోతుందనుకుంది.

సంగయ్య, బక్కమ్మ పది గంటలకు వచ్చారు. సంగయ్య ఉతికిన చొక్కా వేసుకుని, కుడిచెయ్యి కండువాలో దాచుకుని ఉన్నాడు. కోపంగా లేడు. అదే ముందు కిష్టప్పను కలవరపెట్టింది. నర్సింహమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, తర్వాత మిషన్ వైపు చూసి మెల్లగా అడిగాడు.

"అన్నా, నా దెబ్బ దీంట్ల ఉంచినవంట గదా. ఒక్కసారి ఇనిపియ్యవా?"

కిష్టప్ప వల్లించుకున్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "అండ్ల ఏం లేదు సంగయ్యా. ఎవరో ఊర్కె చెప్పిండ్రు."

సంగయ్య తల దించుకున్నాడు. బక్కమ్మ దించుకోలేదు. ఆమె మెడలో తాడు బయటికి తీసి, దానికున్న ఉంగరంతో మిషన్ పెట్టిన బల్లమీద ఒకసారి కొట్టింది. టిక్కుమంది.

"ఈ సప్పుడు నాకు తెల్వదా? కాంట్రాక్టరింట్ల పూజ నాడు నేను ఎనుక గిన్నెలు తోముతున్న. ఈయన వచ్చిండనుకొని తొంగి సూసిన. నీ చెయ్యి కనవడ్డది" అంది.

అప్పుడే చెప్తే మొగుడు బాధపడతాడని ఆ నాడు మింగేసుకుందట. వేళ్ళు పోయాక రోజంతా చెయ్యి చూసుకుంటూ కూర్చుంటే, పోనీ ఈ మాటతోనైనా పానం కుదుటపడుతుందని చెప్పిందట. నిజంగానే పడిందట కూడా. ఆ రోజు కడుపునిండా తిన్నాడని చెప్పింది. ఆమె మాటల్లో నిష్ఠూరం లేదు. నర్సింహమ్మ గోడకానుకుని భర్త మొహమే చూస్తోంది. పొద్దుటి గంట ఎందుకో ఆమెకు అర్థమైపోయింది.

సంగయ్య కండువాలోంచి చెయ్యి బయటికి తీశాడు. మిగిలిన వేళ్ళు అటూ ఇటూ కదిపి చూపించాడు. "నువ్వు వాయించుకున్నందుకు నాకేం లేదన్నా. నన్ను పిలువకపోతివని అప్పుడైతే ఏడ్చేటోన్నే. గని ఇగ ఢోలక్ ఎట్లాగు ఒళ్ళో పెట్టుకోలేను. దీనికి ఒక్క వేలు చాలు గదా. ఆ నాడు నొక్కిన, యాది ఉన్నది. జెర నేర్పియ్యి. నా దెబ్బ నేనే ఏసుకుంట. ఓ మూలకు కూసుంట" అన్నాడు.

కిష్టప్పకు ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననిపించింది. దొంగ అంటే తట్టుకునేవాడు, కొట్టినా పడేవాడు. ఈ మనిషి పని అడగడానికి వచ్చాడు. మూలకు కూర్చుంటానంటున్నాడు. "తుడిసేసిన సంగయ్యా" అన్నాడు.

సంగయ్యకు ఆ మాట తలకెక్కలేదు. మిషన్‌లో లేకపోతే ఇంకెక్కడైనా ఉంటుందేమో, నువ్వు చదువుకున్నవాడివి, జెర వెతికి చూడు అని బతిమాలాడు. లేదని తెలిసీ కిష్టప్ప ఫ్లాపీ పెట్టాడు. మిషన్ కాసేపు గరగరలాడింది. మెట్టు నొక్కాడు. దేవుడి గంట మోగింది. పక్క మెట్టు నొక్కాడు, ఇంకాస్త సన్నగా అదే గంట. అన్ని మెట్లూ నొక్కాడు, ఏదో ఒకదాని కింద మిగిలి ఉంటుందేమో అన్నట్టు. ఎక్కడా లేదు.

"ఎన్నడు తుడిసినవ్?" అని బక్కమ్మ అడిగింది.

"ఇయ్యాల పొద్దున."

"ఎందుకు?" అన్నాడు సంగయ్య.

కిష్టప్ప ఏడుస్తున్నాడు. "సిగ్గయింది" అన్నాడు.

"నీకు సిగ్గయితే నాది తుడిసినవా" అన్నాడు సంగయ్య, అరవలేదు, అడిగినట్టే అన్నాడు. తర్వాత చెయ్యి మళ్ళీ కండువాలో పెట్టుకుని లేచాడు. నర్సింహమ్మ అన్నం తిని పొమ్మని అడ్డం వచ్చింది. బక్కమ్మ ఆమె భుజం తట్టి తప్పుకుంది. కిష్టప్ప గుమ్మం దాకా వెంటపడి, మళ్ళీ చేద్దాం సంగయ్యా, ఎడమచేత్తో వాయించు, నేను పడతాను, ఇంకో ఫ్లాపీ ఎక్కడున్నా తెస్తాను అని ఏవేవో అంటున్నాడు. సంగయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.

"వద్దు పటేలా. పోయొస్త" అన్నాడు.

ఆ పిలుపు విని పదేళ్ళయింది. దాన్ని పోగొట్టానని టీకొట్ల దగ్గర చెప్పుకున్న మనిషి గుమ్మంలోనే కూలబడ్డాడు.

కిష్టప్ప తర్వాత భజనకు పోలేదు. మిషన్‌ను బట్టలో చుట్టి అటకెక్కించాడు, అందులో ఇప్పటికీ గంటే ఉంది. సంగయ్యను ఒక కంపెనీ వాళ్ళు గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టుకున్నారు. ఖర్మ కాకపోతే, అది కిష్టప్ప పనిచేసే కంపెనీకి పోయే దారిలోనే. మొదట్లో కిష్టప్ప వెనక వీధి చుట్టు తిరిగి పోయేవాడు. అక్కడ మందుల కంపెనీ కాలవ పొంగి దారి మూసుకుపోయాక ఇటే రావాల్సివచ్చింది.

అతను కనబడగానే సంగయ్య స్టూలు మీంచి లేచి నిలబడతాడు. మొహంలో పగ గానీ వెటకారం గానీ ఉండవు. "మంచిదేనా పటేలా" అంటాడు. ఒకరోజు కిష్టప్ప ఉండబట్టలేక దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాడు. "అన్న అను సంగయ్యా. నీ కాళ్ళు మొక్కుత" అన్నాడు. ఆ చేతుల్లో ఒకదానికి రెండు వేళ్ళు తక్కువని పట్టుకున్నాక గానీ గుర్తురాలేదు. సంగయ్య చేతులు మెల్లగా వెనక్కి తీసుకుని, "నోరు తిరుగుతలేదు పటేలా" అన్నాడు. కూర్చోమని ఎంత చెప్పినా కూర్చోలేదు.

ఇప్పుడు కిష్టప్పకు మోకాళ్ళ నొప్పులు. దారంతా నింపాదిగా కుంటుకుంటూ వస్తాడు. ఆ గేటు కనబడగానే మాత్రం పళ్ళు బిగబట్టి జోరుగా అడుగులేస్తాడు. తను మలుపు తిరిగితే గానీ సంగయ్య మళ్ళీ స్టూలు మీద కూర్చోడు.